నకిలీ కాదను ధ్రువపత్రం

వాగు కట్ట తెగిన నాలుగో రోజుకు నీళ్లు తీశాయి. ఐదో రోజు నుంచి విరాళాల పిలుపులు మొదలయ్యాయి. ఎవరి ఫోను తెరిచినా ఒక ఏడుపు ముఖం, దాని కింద డబ్బు పంపడానికి గళ్ల చదరం, "స్కాన్ చేయండి, కన్నీరు తుడవండి" అన్న వేడుకోలు. మా పట్నంలో మునిగింది మూడు కాలనీలు. వాటిని ఆదుకుంటామంటూ పుట్టిన సంస్థలు నూట నలభై. అందులో ఒకటైతే మా ఊరి జాలర్ల పడవలు సముద్రంలో కొట్టుకుపోయాయని రాసింది. మా ఊరికి సముద్రం ఎనభై మైళ్ల దూరం.

ఈ మోసాలను అరికట్టడానికి ప్రభుత్వం వెంటనే కదిలింది. నకిలీ విరాళాల నిరోధక, నియంత్రణ, పర్యవేక్షణ విభాగం ఏర్పాటైంది. బాధితులకు టార్పాలిన్లు ఇంకా రాలేదు గాని, మాకు బోర్డు, రబ్బరు స్టాంపు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఒక్క పూటలో వచ్చాయి. ప్రత్యేకాధికారిగా దక్షిణామూర్తి గారిని వేశారు. ఆయన కింద సీనియర్ అసిస్టెంటుగా నన్ను పంపారు. నా పేరు పరాంకుశం. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా మీద ఒక్క మెమో లేదు. ఆ సంగతి ఇంట్లో చుట్టాలకు చెప్పుకునేవాణ్ణి కూడా.

మొదటి రోజే దక్షిణామూర్తి గారు మూలసూత్రం వివరించారు.

"పరాంకుశం గారూ, నకిలీ అంటే ఏమిటి? ఒక లోపం. ఏ లోపం? పత్రాల లోపం. పత్రాలు సంపూర్ణంగా ఉన్న సంస్థ నకిలీ ఎలా అవుతుంది? కాబట్టి మనం సంస్థల వెంట పరిగెత్తనక్కర్లేదు. పత్రాలు రప్పించుకుంటే చాలు."

అలా ఉత్తర్వు వెలువడింది. వరద బాధితులకు ఏ రూపేణా సహాయం చేయదలచినవారైనా పద్నాలుగు పత్రాలు సమర్పించి, విభాగం నుంచి "నకిలీ కాదను ధ్రువపత్రము" పొందవలెను. అది లేకుండా సహాయం చేయుట శిక్షార్హము.

మొదట దొరికినవాడు జిలానీ. బస్టాండు పక్కన హోటలు నడుపుతాడు. వరద వచ్చిన రోజు నుంచి రెండు పూటలా పెద్ద డేగిసాల్లో పులిహోర కలిపి, ఆటోలో వేసుకుని కరకట్ట కాలనీకి పంపుతున్నాడు. సార్ జీపు ఆపి పత్రాలు అడిగారు.

"ఏం పత్రాలు సార్? పులిహోర సార్ ఇది," అన్నాడు జిలానీ.

"సదరు పులిహోర ఏ సంస్థ తరఫున పంపిణీ అవుతోంది?"

"సంస్థ లేదు సార్. నేనూ, మా వంటమాస్టరూ."

"నమోదు కాని సంస్థ," అని సార్ నాతో రాయించారు. పులిహోర స్వాధీనం చేసుకున్నాం. సాయంత్రానికి సాక్ష్యం పాసిపోయే ప్రమాదం ఏర్పడినందువల్ల సిబ్బంది దాన్ని భుజించారు. ఆ విషయం పంచనామాలో "నమూనా పరీక్షించబడినది" అని నమోదైంది.

మర్నాడు జిలానీ ఆటో పంపలేదు. కాలనీవాళ్లే బస్టాండు దాకా నడిచి వచ్చి హోటల్లో కూర్చుని తిన్నారు. సార్ వెళ్లి నిలదీస్తే, "వీళ్లంతా మా బంధువులు సార్, ఇంటికి వచ్చినోళ్లకి అన్నం పెట్టుకుంటున్నా," అన్నాడు. బంధువుల భోజనం మా విభాగం పరిధిలోకి రాదు. "సదరు జిలానీకి నాలుగు వందల పదకొండు మంది బంధువులు కలరు" అని నివేదిక రాసి ఆ ఫైలు మూసేశాం.

పద్నాలుగు పత్రాలు ఎవరూ తేలేకపోయారు. గుడి కమిటీ వాళ్లు ఆరు తెచ్చారు. కాలేజీ అమ్మాయిల బృందం మూడు తెచ్చి, మిగతావి ఎక్కడ దొరుకుతాయో మమ్మల్నే అడిగింది. మాకూ తెలియదు. సార్ దిగులు పడుతున్న సమయంలో కొరియర్‌లో ఒక ఎర్రటి ఫోల్డరు వచ్చింది. పంపినవారు కరుణాతరంగ ఫౌండేషన్. లోపల విషయసూచిక, పేజీ నంబర్లు, రంగు రంగుల చీటీలు. నేను లెక్కపెట్టాను. పద్నాలుగు. సార్ కూడా లెక్కపెట్టారు. పద్నాలుగే.

"చూశారా! సేవ చేసేవాళ్లు ఇలా ఉండాలి," అన్నారు సార్.

ధ్రువపత్రం మీద "పరిశీలించితిని, సరిగా ఉన్నవి" అన్న చోట నేను సంతకం చేశాను. ఆయన కింద చేశారు. నంబరు ఒకటి. ఆ సాయంత్రానికల్లా ఫౌండేషన్ పోస్టరు మీద కొత్త వాక్యం చేరింది. "ప్రభుత్వముచే నకిలీ కాదని ధ్రువీకరించబడిన ఏకైక సంస్థ."

ఆ పోస్టరు మీరూ చూసే ఉంటారు. నడుము లోతు బురద నీళ్లలో ఒకావిడ నిలబడి ఉంటుంది. రెండు చేతులతో నెత్తి మీద ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఉంటుంది. కింద, "ఈ తల్లి పేరు సీతమ్మ. భర్తను వరద మింగేసింది. మీ సాయంతో ఈమెకు పక్కా ఇల్లు, కుట్టుమిషను అందించాము. ఇలాంటి సీతమ్మలు ఇంకెందరో!" నేను కూడా కదిలిపోయి ఐదు వందలు పంపాను. మా ఆవిడకు, బావమరుదులకు, పాత ఆఫీసు గ్రూపుకు ఆ పోస్టరు పంపాను. కింద "నేనే వెరిఫై చేశాను" అని రాశాను.

వారం తర్వాత ఆ సీతమ్మ మా ఆఫీసుకు వచ్చింది. వెంట వరద మింగేసిన భర్త కూడా వచ్చాడు.

"నా పేరు నాంచారమ్మండి," అంది ఆవిడ. "కరకట్ట కాలనీలో ఇస్త్రీ బండి మాది. ఆ బొమ్మలో ఉంది నేనే. నీళ్లొచ్చిన రోజున ఎవరో కట్ట మీంచి ఫోనులో తీశారు. ఈయన మా ఆయన గంగులు. ఈయన పోయాడని రాశారండి. చుట్టాలు ఏడ్చుకుంటా వచ్చేస్తన్నారు. వచ్చినోళ్లకి టీ నీళ్లన్నా పోయాలి కదా, ఇల్లే లేదు మాకు."

గంగులు నమస్కారం పెట్టాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. తను బతికి ఉన్నందుకు ఎవరికైనా ఇబ్బంది అయిందేమో అన్నట్టు ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాడు.

దక్షిణామూర్తి గారు ఆవిడను, పోస్టరును మార్చి మార్చి చూశారు.

"పోలిక ఉన్న మాట వాస్తవమే. కానీ పోస్టరులో పేరు సీతమ్మ. మీ ఆధార్‌లో నాంచారమ్మ. ఈ వ్యత్యాసాన్ని మీరు ఎలా సమర్థించుకుంటారు?"

"నేను రాయలేదు కదండీ ఆ పేరు! వాళ్లు రాశారు."

"వాళ్లు ధ్రువీకరించబడిన సంస్థ అమ్మా."

ఆవిడ అసలు వచ్చింది పోస్టరు గురించి కాదు. కూలిన ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం జాబితాలో ఆవిడ పేరు కొట్టేశారు. వార్డు సచివాలయంలో అడిగితే, ఫోటో పోస్టరుతో కలిసిందనీ, పక్కా ఇల్లు, కుట్టుమిషను ఇదివరకే ముట్టినట్టు కంప్యూటరు చూపిస్తోందనీ చెప్పారట. మా విభాగం నుంచి కాగితం తెచ్చుకోమన్నారట.

"అంటే ఫోటో విషయంలో మీరే సీతమ్మ అని కంప్యూటరు ఒప్పుకుంది," అన్నారు సార్ సంతోషంగా. "ఇక్కడ ద్వంద్వ లబ్ధి సమస్య తలెత్తుతోంది. ఒకే వ్యక్తి రెండిళ్లు పొందరాదు."

"ఒకటి కూడా రాలేదండీ! వచ్చి చూడండి, కర్రల మీద బరకం కప్పుకుని ఉంటన్నాం."

"రాలేదని రుజువు?"

నాంచారమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. సార్ ఆ చేతుల్లో కాగితం కోసం చూశారు.

"లబ్ధి లేమి ధ్రువపత్రం కావాలి. లబ్ధి చేకూర్చని సంస్థే దాన్ని జారీ చేయాలి. ఫౌండేషన్ వారి దగ్గరికి వెళ్లి, మాకు ఏమీ ఇవ్వలేదని రాసి ఇవ్వండి అని అడగండి. సేవాభావం ఉన్నవాళ్లు, కాదనరు."

నన్ను తోడు పంపారు. ఫోల్డరులో ఉన్న చిరునామా పట్టుకుని ముగ్గురం ఆటోలో వెళ్లాం. ఆ డోర్ నంబరు దగ్గర కల్యాణమండపం గోడకు ఆనించిన కొబ్బరిబొండాల బండి ఉంది. బండి మీద చిన్న అట్టముక్క, దాని మీద ఫౌండేషన్ పేరు.

"ఉత్తరాలొస్తే తీసి పెడతానండి," అన్నాడు బొండాలవాడు. "ఒకాయన కారులో వస్తాడు, తీసుకుని పోతాడు. వచ్చినప్పుడల్లా రెండు బొండాలు తాగుతాడు. మంచోడండి, బేరం ఆడడు."

"పేరేంటి ఆయనది?"

"అడగలేదండి. బొండాం కొట్టించుకునేవాడి పేరెందుకు మనకి?"

నాంచారమ్మ నా వైపు చూసింది. నేను ఆఫీసుకు వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాను. సార్ కళ్లు మూసుకుని ఆలోచించారు.

"ఆ చిరునామాకు ఉత్తరాలు చేరుతున్నాయా?"

"చేరుతున్నాయి సార్."

"తీసుకునేవారు ఉన్నారా?"

"ఉన్నారు సార్."

"మరి చిరునామాలో నకిలీ ఏముంది?"

ఫౌండేషన్‌తో మాట్లాడటానికి ఇక ఒకటే దారి మిగిలింది, పోస్టరు కింద ఉన్న గళ్ల చదరం. డబ్బు పంపేటప్పుడు పక్కన నాలుగు ముక్కలు రాసుకునే వీలుంటుంది. నాంచారమ్మ తన ఫోను నాకిచ్చి రాయించింది. ఒక రూపాయి పంపి, "అయ్యా, నాకు మీరు ఏమీ ఇవ్వలేదని కాగితం ఇవ్వండి" అని రాశాం. నిమిషంలో జవాబు వచ్చింది. పూలదండ బొమ్మ మధ్యలో ఆవిడ పేరు. "దాత శ్రీమతి నాంచారమ్మ గారికి కృతజ్ఞతలు. మీ దాతృత్వం ఒక సీతమ్మ కన్నీరు తుడిచింది."

ఆవిడకు చదవడం రాదు. గంగులు కూడబలుక్కుంటూ చదివి వినిపించాడు.

"అంటే ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?" అంది ఆవిడ.

"నువ్వు ఇచ్చినట్టు," అన్నాడు గంగులు.

మా సిస్టమ్, ఫౌండేషన్ సిస్టమ్ అనుసంధానమై ఉన్నాయి. అది కూడా సార్ ఆలోచనే. సాయంత్రానికి నాంచారమ్మ దాతల జాబితాలోకి ఎక్కింది. ఇతరులకు దానం చేయగల స్తోమత ఉన్నవారు ప్రభుత్వ సాయానికి అనర్హులు. రేషను కార్డు కూడా పునఃపరిశీలనకు వెళ్లింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ రోజూ వచ్చింది. పొద్దున్నే పని ముగించుకుని, పదింటికి మా వరండాలో కూర్చునేది. నేను తల వంచుకుని లోపలికి వెళ్లేవాణ్ణి. ఐదో రోజు సార్ స్వయంగా బయటికి వచ్చి దంపతులిద్దరినీ లోపలికి పిలిచారు. కుర్చీలు వేయించారు. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, మీకు శుభవార్త. మీ విషయం నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంటి సాయం నిబంధనల ప్రకారం అసాధ్యం. అయితే ఫౌండేషన్ వారి ధ్రువీకృత సమాచారం ప్రకారం మీ భర్త వరదలో మరణించారు. ఆ సమాచారాన్ని మృతుల పరిహారం విభాగానికి పంపాను. వెంటనే మంజూరైంది. ఐదు లక్షలు!"

గంగులు గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ, నేను ఎన్నాళ్లు సచ్చిపోయుండాలండీ?"

"శాశ్వతంగా," అన్నారు సార్.

గంగులు నేల వైపు చూస్తూ ఆలోచనలో పడ్డాడు. నిజం చెప్పాలంటే చాలాసేపే ఆలోచించాడు. ఐదు లక్షలంటే కరకట్ట కాలనీలో రెండు గదులు లేస్తాయి.

"పోనీలేవే," అన్నాడు చివరికి, చిన్నగా. "నేనేమన్నా నిజంగా పోతానా? కాయితంలోనే కదా."

నాంచారమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"నోరుముయ్యి. రేపు నీకు జొరమొస్తే ఆసుపత్రిలో ఏం పేరు రాయించాలి? సచ్చినోడికి మందులిస్తారా?" తర్వాత సార్ వైపు తిరిగింది. "బాబుగారూ, మా పక్కింటి సూరమ్మత్త నిజంగానే పోయింది. నా కళ్ల ముందే కొట్టుకుపోయింది. చెయ్యందించాను, అందలేదు. శవం పక్క మండలంలో తేలిందని, ఆ కొడుక్కి ఇప్పటిదాకా కాయితం ఇయ్యలేదు. రోజూ తిరుగుతున్నాడు. పోయినావిడకేమో కాయితం లేదు, ఉన్నోడికేమో ఇస్తారా? నాకొద్దు. ఆ డబ్బులు ఆ పిల్లోడికియ్యండి."

"మంజూరైన మరణాన్ని వేరొకరి పేరు మీదికి బదలాయించే వెసులుబాటు లేదమ్మా."

ఆవిడ గంగులు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. సార్ నొచ్చుకున్నారు. "లబ్ధిదారు నిరాకరించినందున ఆమెకు సహాయ అవసరము లేదని భావించడమైనది" అని రాయమన్నారు. నేను రాశాను. రాసి, సంతకం చేయబోయి, ఆగిపోయాను. సార్ భోజనానికి వెళ్లారు. నేను బీరువా తీసి ఆ ఎర్ర ఫోల్డరు బయటపెట్టాను.

ఒకటో పత్రం ఒక సినిమా హాలుకు అగ్నిమాపక శాఖ ఇచ్చిన అనుమతి. మూడోది స్కూలు బస్సు పర్మిట్టు. ఐదోది కూడా అదే బస్సుది, కాస్త పెద్ద కాపీ. ఎనిమిదోది ఒక ముర్రా గేదె ఆరోగ్యంగా ఉన్నదని పశువైద్యుడు ఇచ్చిన యోగ్యతాపత్రం. పన్నెండోది పద్నాలుగు పత్రాలు సమర్పించవలెనన్న మా ఉత్తర్వు తాలూకు జిరాక్సు. ప్రతి పేజీ మీదా నా పొట్టి సంతకం ఉంది. నీలం ఇంకులో, చక్కగా.

ఆకలి వేయలేదు. ఫోల్డరు చంకలో పెట్టుకుని పోలీసు స్టేషనుకు నడిచాను.

ఎస్సై నా మాట ఓపిగ్గానే విన్నాడు. "నష్టపోయింది ఎవరండీ? ఆవిడ అయితే కుదరదు. ఫోటో వేస్తే నష్టమేముంది అంటారు పైవాళ్లు."

"నేను. ఐదు వందలు పంపాను."

"సరే. నకిలీ అనడానికి ఆధారం? ఇదిగో, మీ ఫోల్డరులోనే నకిలీ కాదని ప్రభుత్వమే ఇచ్చిన పత్రం ఉంది. దీని మీద ఎవరిదో సంతకం..." అతను చదివి నా వైపు చూశాడు. "ఇది మీదేనాండీ?"

"నాదే."

"మరి?"

ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. ఇరవై రెండేళ్లలో ఎన్నో వేల కాగితాలు రాశాను గాని, ఆ రెండు వాక్యాలకు పట్టినంతసేపు దేనికీ పట్టలేదు. "నేను పద్నాలుగు పత్రాలు లెక్కపెట్టాను. ఒక్కటి కూడా చదవలేదు."

దాని మీద కేసు కట్టారు. పదకొండు రోజులకు బొండాలు తాగే ఆయన దొరికాడు. వేరే జిల్లాలో, తుపాను రావచ్చని హెచ్చరిక ఉన్న ఒక ఊళ్లో లాడ్జి తీసుకుని ఉన్నాడు. ఆయన గదిలో కొత్త పోస్టర్ల కట్టలు దొరికాయి. తుపాను పేరు, తేదీ రాయవలసిన చోట ఖాళీ వదిలి ఉంచాడు.

దక్షిణామూర్తి గారు పత్రికలవారిని పిలిచి, అంతర్రాష్ట్ర ముఠాను తమ విభాగం ఛేదించిందని ప్రకటించారు. కలెక్టరాఫీసులో శాలువా కప్పారు. విభాగాన్ని మరో మూడేళ్లు పొడిగించి, పత్రాల సంఖ్యను ఇరవై ఎనిమిదికి పెంచారు. నకిలీ సంస్థ జాబితాలు రద్దయ్యాయి కాబట్టి నాంచారమ్మ దాత కాకుండా పోయింది, గంగులు బతికాడు, ఇంటి సాయం మొదటి విడత అందింది. గోడలు కిటికీల దాకా లేచాయని విన్నాను. సూరమ్మ కొడుకు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

నన్ను సస్పెండ్ చేశారు. అభియోగం వంక పెట్టలేనంత స్పష్టంగా రాశారు. "తాను ధ్రువీకరించిన సంస్థ నకిలీ అని, పై అధికారి పూర్వానుమతి లేకుండా కనుగొని, విభాగము ప్రతిష్ఠకు భంగము కలిగించుట."

విచారణ నెల తర్వాత జరిగింది. విచారణాధికారి రాజధాని నుంచి వచ్చిన పెద్దాయన. పక్కన టైపు చేసే గుమస్తా. నా తరఫున సాక్షులెవరని అడిగారు. ఎవరూ లేరన్నాను. పాత ఆఫీసు గ్రూపులో వాళ్లెవరూ ఆ నెల రోజులూ నా ఫోను ఎత్తలేదు.

తలుపు దగ్గర నాంచారమ్మ నిలబడి ఉంది. ఎవరు చెప్పారో తెలియదు. ఆ రోజు బండి కట్టేసి వచ్చింది.

"నేను చెబుతానండి," అంది.

"ఈయన మీకు ఏమవుతారు?" అన్నారు విచారణాధికారి.

"ఏమీ అవరండి. ఈయన సంతకం వల్లే నా ఇల్లు ఆగిపోయింది. నా మొగుణ్ణి సంపేశారు. రోజూ వరండాలో కూర్చుంటే తల తిప్పుకుని పోయేవాడు."

నేను తల వంచుకున్నాను.

"అయితే మీరు ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతున్నారన్నమాట."

"కాదండీ. తప్పు చేశాడు. చేశానని ఆయనే చెప్పాడు. మీ ఆఫీసులో ఇంకెవరన్నా చెప్పారా? అది రాయండి."

విచారణాధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గుమస్తా వైపు తిరిగి, "ఇది ఎందులో నమోదు చేయాలి?" అన్నారు. గుమస్తా ఫారం రెండు వైపులా తిప్పి చూశాడు. అభియోగానికి అనుకూల సాక్ష్యం అని ఒక గడి ఉంది. ప్రతికూల సాక్ష్యం అని ఇంకో గడి ఉంది.

"దీనికి గడి లేదు సార్," అన్నాడు.

నాంచారమ్మ కుర్చీ లాక్కుని, చెంగుతో ముఖం తుడుచుకుని కూర్చుంది.

"లేకపోతే గీసుకోండి బాబూ," అంది. "నాకు తొందరేం లేదు."

గుమస్తా విచారణాధికారి ముఖం వైపు ఒకసారి చూసి, సొరుగులో స్కేలు కోసం వెతకడం మొదలుపెట్టాడు.